ఫ్లోరైడ్ నొప్పుల వెనక దాగిన హెపటైటిస్ సీ: రక్తనాళాల వాపు కేసు ఒకటి, మందుల వరస ఎట్లా పెట్టుకున్నాం

మాది నల్గొండ, ఇక్కడే జనరల్ ఫిజీషియన్‌గా చేస్తున్నా. ఈ కేసు రాయాలని చాలా రోజుల నుంచి ఉంది. హెపటైటిస్ వైరస్ వల్ల రక్తనాళాలు వాచిన పేషెంట్‌కి ఏ మందు ముందు, ఏది తర్వాత, ఏది ఎంత కాలం అనే వరస తప్పితే మందులన్నీ మంచివే అయినా మనిషి బాగుపడదు. ఆ వరస మేం ఎందుకట్లా పెట్టుకున్నామో చెప్తే జిల్లాల్లో పనిచేసే జూనియర్లకి, డ్యూటీ డాక్టర్లకి పనికొస్తుందని రాస్తున్నా. పేషెంట్ ఒప్పుకుంది, వాళ్ళబ్బాయి కూడా సరేనన్నాడు. ఊరు పేరు, ఇంటి సంగతులు తీసేశాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ముందు సంగతి

యాభై దాటిన ఆమె, కూలి పని. వానాకాలం, యాసంగి రెండిట్లోనూ వరి నాట్లకి పోతుంది, మధ్యలో పత్తి ఏరుడు. ఏళ్ళ తరబడి కీళ్ళ నొప్పులు, నడుం పట్టేయడం. మా జిల్లాలో మునుగోడు, మర్రిగూడ, చండూరు దిక్కు నుంచి ఎవరు కీళ్ళ నొప్పులని వచ్చినా ముందు నోటికొచ్చే మాట ఫ్లోరైడ్. ఊరికే వచ్చిన మాట కాదది, బోరు నీళ్ళు తాగి తాగి ఎముకలు గట్టిపడి నడుములు వంగిపోయిన మనుషుల్ని తరాలుగా చూసిన జిల్లా ఇది, నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరుంది. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్ళొస్తున్నాయి గానీ ఈ వయసోళ్ళ ఎముకల్లో పాతది ఉండనే ఉంది. ఈమెకీ ఉంది. ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి గీతలా కనిపించింది, ఫ్లోరోసిస్‌కి అది గట్టి గుర్తు. కాబట్టి ముందు చూసినవాళ్ళు ఫ్లోరైడ్ అన్నది నిజమే. అక్కడితో ఆగడం వల్ల మిగతాది దాగిపోయింది.

ఆ మిగతాది ఏంటంటే, మూడు నాలుగేళ్ళుగా నాట్ల టైంలో కాళ్ళ మీద ఎర్ర మచ్చలు. ఊళ్ళో వేడి చేసిందన్నారు, ఎలర్జీ అన్నారు, బురద పడలేదన్నారు. సూది వేయించుకుంటే తగ్గేవి, అది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ అయ్యుంటుంది, చీటీ లేదు. మళ్ళీ వచ్చేవి. తర్వాత పట్నంలో ఒక క్లినిక్‌లో రక్తపరీక్ష చేస్తే రుమటాయిడ్ ఫ్యాక్టర్ బాగా ఎక్కువొచ్చింది, కీళ్ళవాతం అని రాసి మెథోట్రెక్సేట్, ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టారు. పాదాల మంటలకి వేరే చోట కార్బమజెపిన్ ఇచ్చారు. వీటికి తోడు మెడికల్ షాపులో అడిగి తీసుకునే నొప్పి గోలీలు, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఏది దొరికితే అది.

1990ల చివర్లో గర్భసంచి తీసేశారు, అప్పుడు రక్తం ఎక్కించారు. ఈ ముక్క ఆమె తనంతట చెప్పలేదు, అడిగితే చెప్పింది. మన బ్లడ్ బ్యాంకుల్లో హెపటైటిస్ సీ పరీక్ష తప్పనిసరి అయ్యింది 2000ల మొదట్లో, అంతకుముందు ఎక్కించిన రక్తం ఆ పరీక్ష లేకుండానే ఎక్కేది. వైరస్ ఆ రక్తంతోనే వచ్చిందా, ఒకే సిరంజీ పదిమందికి వాడిన రోజుల్లో వేయించుకున్న సూదులతో వచ్చిందా అనేది ఇప్పుడు తేల్చలేం, తేల్చాల్సిన అవసరం కూడా లేదు. కానీ ఆ ఒక్క ప్రశ్న అడగడం వల్ల దారి మారింది.

మా దగ్గరికి వచ్చినప్పుడు

జనవరి, యాసంగి నాట్లు జోరు మీదున్నాయి. కొడుకు బండి మీద తీసుకొచ్చాడు. ఆమె చెప్పిన మొదటి మాట, "సారూ, కుడికాలి చెప్పు ఊడిపోతే తెలుస్తలేదు, నాలుగడుగులు ఏసినంక చూస్తే చెప్పు ఎనకనే ఉంటాంది." పాదం పైకెత్తమంటే ఎత్తలేకపోయింది. ఎడమ కాలు బాగానే ఉంది. రెండు పాదాల్లో మంటలు, చేతి వేళ్ళ చివర్లలో తిమ్మిర్లు.

కొడుకు అందుకుని, "ఫ్లోరైడే సార్, మా ఊర్ల అందరికీ ఉన్నయి ఈ నొప్పులు" అన్నాడు. అమ్మా, మచ్చలు ఎప్పుడెప్పుడు వస్తాయి అని ఆమెనే అడిగితే, "పొద్దుగాల సలి నీళ్ళల దిగి నాటేసి ఒడ్డెక్కంగనే కాళ్ళు మండుతయి, తెల్లారేసరికి ఎర్ర చుక్కలు లేస్తయి, వారానికి నల్లగై పోతయి" అంది. చలి నీళ్ళు, గంటల తరబడి నిలబడి ఉండటం, మోకాళ్ళ కింద మచ్చలు, ఈ మూడూ ఒక్క వాక్యంలో చెప్పేసింది.

కాళ్ళు చూస్తే పిక్కల కింద నుంచి మడమల దాకా గోధుమ రంగు పాత మరకలు, వాటి మధ్య కొత్తగా లేచిన ఎర్ర చుక్కలు. గాజు స్లైడ్ పెట్టి నొక్కితే రంగు పోలేదు, వేలితో తడిమితే గరుకుగా చేతికి తగిలాయి. ఎలర్జీ దద్దుర్లు నొక్కితే తెల్లబడతాయి, ఇవి తెల్లబడవు, ఎందుకంటే రక్తం నాళం దాటి బయటికొచ్చేసింది. చేతికి తగిలే పర్ప్యూరా అంటే చిన్న రక్తనాళాల వాపు, వ్యాస్క్యులైటిస్, అని తేలేదాకా వదిలిపెట్టకూడదు.

బీపీ 160/100. కాళ్ళకి నీరు. మూత్రంలో ప్రోటీన్ మూడు ప్లస్సులు, ఎర్ర రక్తకణాలు. కిడ్నీ పని తగ్గితే పెరిగే క్రియాటినిన్ 1.7. మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 2.8. ఆల్బుమిన్ 2.9. లివర్ ఎంజైమ్‌లు ఏఎస్‌టీ 74, ఏఎల్‌టీ 68, మరీ ఎక్కువేం కాదు. ప్లేట్‌లెట్లు లక్షా తొంభై వేలు.

ఇక్కడ కూర్చుని ఆలోచించాలి. ఫ్లోరైడ్ ఎముకని గట్టిపరుస్తుంది, వెన్నుపూస దగ్గర నరాన్ని నొక్కి కాళ్ళు పడిపోయేలా కూడా చేస్తుంది, కానీ అది కాళ్ళ మీద పర్ప్యూరా తేదు, మూత్రంలో రక్తకణాలు తేదు, ఒక్క పాదాన్ని మాత్రం పడగొట్టి రెండోదాన్ని వదిలేయదు. రుమటాయిడ్ అంటే వేళ్ళ కీళ్ళు వాచి వంకర్లు పోవాలి, ఈమె చేతులు చూస్తే వాపే లేదు, కీళ్ళవాతాన్ని ఖాయం చేసే యాంటీ సీసీపీ పరీక్ష పంపితే నెగెటివ్. షుగర్ లేదు, కాబట్టి పాదాల మంటలు దాని మీదికి నెట్టలేం. చర్మం, నరం, కిడ్నీ మూడూ ఒకేసారి దెబ్బతిన్నాయంటే మూడింటికీ కామన్‌గా ఉండేది రక్తనాళమే.

రక్తంలో కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు చూస్తే సీ3 కొంచెం తక్కువ, సీ4 మాత్రం 2. మామూలుగా 10 పైన ఉండాలి. సీ3 కంటే సీ4 ఇంతగా పడిపోయి, రుమటాయిడ్ ఫ్యాక్టర్ వందల్లో ఉంటే మొదట గుర్తు రావాల్సింది క్రయోగ్లోబ్యులిన్లు, అంటే చల్లబడితే గడ్డకట్టే యాంటీబాడీలు, ఆ వెంటనే హెపటైటిస్ సీ. యాంటీ హెచ్‌సీవీ పాజిటివ్ వచ్చింది, వైరల్ లోడ్ 14 లక్షల ఐయూ. హెచ్ఐవీ నెగెటివ్, వేరే ఆటోఇమ్యూన్ రోగాలకి చూసే ఏఎన్ఏ, ఆంకా నెగెటివ్. హెపటైటిస్ బీ సర్ఫేస్ యాంటిజెన్ నెగెటివ్, కానీ యాంటీ హెచ్‌బీ కోర్ టోటల్ పాజిటివ్, అంటే ఎప్పుడో బీ కూడా వచ్చి పోయింది. ఈ చివరి రిపోర్టు అప్పటికి పెద్దగా కనిపించదు గానీ తర్వాత దీని మీదే చాలా ఆధారపడింది.

లోపల జరిగేది ఇది. వైరస్ ఏళ్ళ తరబడి శరీరంలో ఉండి బీ కణాల్ని (యాంటీబాడీలు తయారు చేసే తెల్ల రక్తకణాలు, ఈ బీకి హెపటైటిస్ బీకి సంబంధం లేదు) రెచ్చగొడుతూనే ఉంటుంది, వాటిలో ఒక గుంపు ఐజీఎం యాంటీబాడీని అదే పనిగా తయారు చేస్తుంది, ఆ ఐజీఎం మన సొంత ఐజీజీకే అతుక్కుంటుంది. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అంటే అదే, అందుకే ఆ పరీక్ష అంత ఎక్కువ వచ్చింది, కీళ్ళవాతానికి దీనికి సంబంధం లేదు. ఆ ముద్దలు చల్లదనానికి గడ్డకట్టి కాళ్ళలో, నరాలకి పోయే సన్న నాళాల్లో, కిడ్నీ వడపోతల్లో ఇరుక్కుంటాయి, సీ4ని ఖర్చు చేసేస్తాయి. పర్ప్యూరా, కీళ్ళ నొప్పులు, నీరసం అనే మూడింటినీ కలిపి 1966లోనే మెల్ట్‌జర్ వర్ణించాడు, అసలు వైరస్ దొరికింది 1989లో.

క్రయో పరీక్ష ఎందుకు నెగెటివ్ వచ్చింది

మా దగ్గరికి రాకముందే ఒకచోట క్రయోగ్లోబ్యులిన్ పరీక్ష పంపారు, నెగెటివ్ రిపోర్టు ఫైల్లో ఉంది. శాంపిల్ ఎట్లా పోయిందని అడిగితే ఐస్ ప్యాక్ డబ్బాలో కొరియర్‌లో పోయిందట. అట్లా పోతే దొరకదు. చల్లగా అవగానే ఆ ప్రోటీన్ గడ్డకట్టి రక్తం గడ్డతో పాటు అడుక్కి పోతుంది, ల్యాబ్ వాళ్ళు పైన సీరం తీసుకుని గడ్డ పారేస్తారు, మనం వెతికేది ఆ పారేసిన దాంట్లో ఉంటుంది.

మేం ఇక్కడే తీశాం. టీ ఫ్లాస్క్‌లో 37 డిగ్రీల నీళ్ళు పోసి థర్మామీటర్‌తో చూసుకుంటూ సిరంజీ, ట్యూబ్ రెండూ ముందే వెచ్చబెట్టాం. రక్తం తీసిన వెంటనే ట్యూబ్ ఫ్లాస్క్‌లోకి. గంట సేపు అదే వేడిలో గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్ బకెట్లు కూడా గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి తుడిచి, తిప్పి, సీరం వేరు చేసి అప్పుడు మాత్రమే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టాం. ల్యాబ్ తమ్ముడికి ఒకటే చెప్పాం, వారం దాకా పారేయకు, రోజూ కదపకుండా చూడు. మూడో రోజుకి ట్యూబ్ అడుగున పెరుగు విరిగినట్టు తెల్లగా చేరింది. మళ్ళీ 37 డిగ్రీల్లో పెడితే కరిగిపోయింది, అట్లా కరిగితేనే క్రయోగ్లోబ్యులిన్ అని నమ్మాలి. క్రయోక్రిట్, అంటే సీరంలో ఆ ముద్ద వాటా, 3 శాతం. అందులో ఏ యాంటీబాడీ ఉందో తేల్చే ఇమ్యునోఫిక్సేషన్‌కి హైదరాబాద్ పంపితే మోనోక్లోనల్ (ఒకే కణాల గుంపు నుంచి వచ్చిన) ఐజీఎం కప్పా, అంటే టైప్ 2 మిక్స్‌డ్ రకం. దీనికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు, ఒక ఫ్లాస్కు, థర్మామీటరు, ఓపిక ఉన్న టెక్నీషియన్ చాలు, ఏ తాలూకా ల్యాబ్‌లో అయినా అవుతుంది.

స్కిన్ బయాప్సీ ఒక రోజు లోపల లేచిన కొత్త చుక్క నుంచి తీశాం, పాత మచ్చలో తీస్తే ఏం కనపడదు. ల్యూకోసైటోక్లాస్టిక్ వ్యాస్క్యులైటిస్ అని వచ్చింది, అంటే చిన్న నాళాల వాపే. కిడ్నీ బయాప్సీ హైదరాబాద్‌లో నెఫ్రాలజీ వాళ్ళు చేశారు, మెంబ్రనోప్రొలిఫరేటివ్ రకం గ్లోమెరులో నెఫ్రైటిస్, అంటే కిడ్నీ వడపోతల వాపు. నరాల పరీక్షలో ఒక్కో నరం విడివిడిగా దెబ్బతిన్నట్టు.

ఒక మాట పక్కకి పోయి చెప్పాలి. ఇదే మనిషిలో వైరస్ హెపటైటిస్ బీ అయ్యుంటే కథ వేరే. బీ తెచ్చేది ఎక్కువగా పాలీఆర్టెరైటిస్ నోడోసా, మధ్యస్థ సైజు ధమనుల వాపు, 1970 నుంచి తెలిసిన సంగతే. అందులో పాదం పడిపోవడం ఉంటుంది, తిన్నాక కడుపునొప్పి, వృషణాల నొప్పి, కొత్తగా బీపీ ఉంటాయి, గానీ గ్లోమెరులో నెఫ్రైటిస్ ఉండదు, మూత్రంలో ఇంత ప్రోటీన్, రక్తకణాల కాస్ట్‌లు రావు. కిడ్నీ ధమనుల్లో చిన్న చిన్న బుడగలు ఉంటాయి కాబట్టి అక్కడ కిడ్నీ బయాప్సీ ప్రమాదం, యాంజియో చేసి చూడాలి. ట్రీట్‌మెంట్ కూడా స్టెరాయిడ్ రెండు వారాల్లోనే దించేసి, ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ (రక్తంలో నీటి భాగాన్ని తీసి మార్చడం), దాంతో పాటే బీ వైరస్ మందులు ఎంటెకవిర్ లేదా టెనోఫోవిర్. ఫ్రెంచ్ డాక్టర్లు ఈ పద్ధతి నిలబెట్టారు. రెండు వైరస్‌ల పేర్లూ హెపటైటిస్ అనే మొదలవుతాయి గానీ దెబ్బతినే నాళం సైజే వేరు, అందుకే బయాప్సీకి సూది పట్టుకునే ముందే బీనా, సీనా అన్నది తెలిసి ఉండాలి.

మొదటి నిర్ణయం

మందుల ముందు ఆపాల్సినవి ఆపాం. మెథోట్రెక్సేట్ ఆపాం, లివర్‌కి బరువు, పైగా ఆమెకి లేని రోగానికి ఇస్తున్నది. నొప్పి గోలీలు అన్నీ బంద్, ఈ కిడ్నీకి అవి విషం. కార్బమజెపిన్ ఆపి ప్రీగబాలిన్ చిన్న డోసులో పెట్టాం, ఎందుకంటే కార్బమజెపిన్ ఉంటే హెపటైటిస్ సీ మందులు సోఫోస్‌బువిర్, డక్లటస్‌విర్ రెండూ రక్తంలో పడిపోతాయి, కోర్సంతా వృథా అవుతుంది. టీబీ మందు రిఫాంపిసిన్ కూడా ఇదే పని చేస్తుంది, మన దగ్గర అది తప్పకుండా అడిగి తెలుసుకోవాలి. బీపీకి టెల్మిసార్టాన్, పొటాషియం, క్రియాటినిన్ చూసుకుంటూ.

ఇప్పుడు అసలు ప్రశ్న. ముందు వైరస్‌నా, ముందు వాపునా? మచ్చలు, కీళ్ళ నొప్పులు మాత్రమే ఉన్నవాళ్ళకి యాంటీవైరల్ ఒక్కటే చాలు. కిడ్నీ రోజురోజుకీ పడిపోతుంటే, పేగులకి రక్తం ఆగితే, ఊపిరితిత్తుల్లో రక్తం కారితే ఆగడానికి లేదు, స్టెరాయిడ్, బీ కణాల్ని తుడిచేసే రిటుక్సిమాబ్, అవసరమైతే ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ ముందు మొదలుపెట్టాలి, వైరస్ సంగతి వెనక వెనక చూసుకోవచ్చు. ఈమె ఈ రెండింటికీ మధ్యలో ఉంది. పాదం పడిపోయి నెల కాలేదు, క్రియాటినిన్ 1.7 దగ్గర నిలకడగా ఉంది. నరం ఒకసారి ఎండితే మళ్ళీ రావడం కష్టం కాబట్టి వాపుని వెంటనే దించాలి, కానీ ఉత్త స్టెరాయిడ్ మీద నడిపితే వైరస్ ఇంకా పెరుగుతుంది, అంతకుముందు ఏళ్ళలో సూది వేస్తే తగ్గి ఆపితే రావడం అనేది అదే.

హైదరాబాద్ రుమటాలజిస్ట్, నెఫ్రాలజిస్ట్‌తో మాట్లాడి మిథైల్ ప్రెడ్నిసొలోన్ 500 మి.గ్రా. మూడు రోజులు, తర్వాత ప్రెడ్నిసొలోన్ 30 మి.గ్రా. నుంచి దించుకుంటూ మూడు నెలల్లో సున్నాకి, అదే వారంలో యాంటీవైరల్ మొదలు అని నిర్ణయించాం. రిటుక్సిమాబ్ అప్పుడే ఇవ్వలేదు. ఇవ్వాలన్న వాదన బలంగానే ఉంది, కిడ్నీ బయాప్సీ చూస్తే ఎవరైనా ఇద్దామనే అంటారు. ఆపిన కారణాలు రెండు. వైరస్ పోతే చాలామందిలో వ్యాస్క్యులైటిస్ దానంతట తగ్గుతుంది, ఆ అవకాశం ఒకసారి ఇవ్వాలి. రెండోది, వైరస్ లక్షల్లో ఉండగా, బీ కోర్ యాంటీబాడీ పాజిటివ్‌గా ఉండగా బీ కణాల్ని తుడిచేసే మందుకి తొందరపడితే ఇన్ఫెక్షన్ రిస్కు మనమే తెచ్చిపెట్టినట్టు. క్రియాటినిన్ 2 దాటినా, ఇంకో నరం పోయినా ఆ రోజే రిటుక్సిమాబ్ అని ఫైలు మీద రాసుకున్నాం.

యాంటీవైరల్ ఏదన్నది తేలికే. లివర్ ఎంత గట్టిపడిందో చెప్పే లెక్కలు చూస్తే ఏప్రి స్కోరు 1 లోపు, ఫిబ్-4 సుమారు 2.5, ఫైబ్రోస్కాన్ 8.9, సిర్రోసిస్ లేదు. కాబట్టి సోఫోస్‌బువిర్ 400, డక్లటస్‌విర్ 60, రోజుకోసారి 12 వారాలు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జులై 28న మొదలైంది, అందులో ఈ గోలీలు సర్కారు దవాఖానలో ఫ్రీ. అమెరికాలో 2013 చివర్లో సోఫోస్‌బువిర్ వచ్చినప్పుడు ఒక్క గోలీ వెయ్యి డాలర్లు, ఇప్పుడదే మందు మన హైదరాబాద్ కంపెనీలు కూడా తయారు చేస్తున్నాయి, కూలికి పోయే మనిషి పైసా లేకుండా తీసుకుంటోంది. నాకు ఈ కేసులో అన్నింటికన్నా సంతోషమిచ్చిన విషయం అదే. అంతకుముందు హెపటైటిస్ సీకి ఇంటర్‌ఫెరాన్ ఇచ్చిన కాలంలో అయితే ఆ మందే నరాల్ని, వాపుని ఇంకా చెడగొట్టే ప్రమాదం ఉండేది.

ఇంట్లో వాళ్ళతో మాట్లాడటానికి మందులంత టైమూ పట్టింది. లివర్‌లో వైరస్ అనగానే పసరు మందుకి తీసుకపోతామన్నారు. వద్దని గట్టిగా చెప్పాం, కామెర్లు కావు ఇవి, ఆ పసరులో ఏముందో తెలియదు, ఈ గోలీలతో కలిస్తే ఏమవుతుందో అసలే తెలియదు. కోడలు పక్కకి పిలిచి కంచం, గ్లాసు వేరే పెట్టాలా సార్ అని అడిగింది. అక్కర్లేదమ్మా, కలిసి తింటే, ఎత్తుకుంటే, ముట్టుకుంటే ఇది రాదు, రక్తంతో వస్తుంది, బ్లేడు, సూది, గోళ్ళు తీసేది మాత్రం ఒకరిది ఒకరు వాడొద్దు అని అందరి ముందే చెప్పాం, ఆమె కూడా వినాలని. ఇంటిల్లిపాదికీ పరీక్ష చేశాం, ఎవరికీ లేదు.

పనిచేసింది, పనిచేయనిది

నాలుగు వారాలకి వైరస్ కనపడలేదు. మచ్చలు పోయాయి, కీళ్ళు తేలికయ్యాయి, క్రియాటినిన్ 1.3 కి దిగింది. బీ వైరస్ మళ్ళీ లేస్తుందేమో అని నెలనెలా ఏఎల్‌టీ చూశాం, సీకి ఇచ్చే ఈ కొత్త మందుల వల్ల బీ తిరగబెట్టిన కేసులు ఉన్నాయి, 2016లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద బాక్స్ వార్నింగే పెట్టింది. ఏం కాలేదు. కోర్సు అయిపోయిన 12 వారాలకి మళ్ళీ చూస్తే కూడా వైరస్ లేదు, అంటే హెపటైటిస్ సీ నయమైనట్టే లెక్క. స్టెరాయిడ్ అప్పటికే ఆగిపోయింది.

వానాకాలం నాట్లు వచ్చాయి. నీళ్ళలో దిగొద్దన్నాం, ఇంట్లో ఖాళీగా ఎట్లా కూర్చుంటదని పోయింది, ఆ కష్టం మనకి తెలియంది కాదు. మళ్ళీ ఎర్ర చుక్కలు. క్రియాటినిన్ 1.5, మూత్రం నిష్పత్తి 2.4 దగ్గరే నిలబడిపోయింది, పాదంలో కదలిక కొద్దిగానే వచ్చింది. వైరస్ చూస్తే నెగెటివ్. సీ4 4. ఫ్లాస్కు పరీక్ష మళ్ళీ చేస్తే క్రయోక్రిట్ 1.5 శాతం.

ఇక్కడ రెండు సలహాలు వచ్చాయి. ఒకటి, యాంటీవైరల్ ఇంకో కోర్సు ఇద్దాం. లేని వైరస్‌కి మందు ఇస్తే ఏం ఒరుగుతుంది? రెండు, స్టెరాయిడ్ మళ్ళీ పెంచి అట్లనే చిన్న డోసు మీద నడిపిద్దాం. ఏళ్ళ తరబడి సూదులతో నడిచింది అదే దారి, ఎముకలు ఇప్పటికే ఫ్లోరైడ్‌తో చెడి ఉన్న మనిషికి ఇంకా చెడ్డది. కాల్వ మూసినంత మాత్రాన చెరువులో నిండిన నీళ్ళు ఆ రోజే పోవు కదా, వైరస్ పోయినా అది పాతికేళ్ళు రెచ్చగొట్టి పెంచిన బీ కణాల గుంపు మిగిలే ఉంది, తన పని తను చేసుకుంటూనే ఉంది. కాబట్టి ఇప్పుడు రిటుక్సిమాబ్‌కి సమయం. వైరస్ లేని శరీరంలో ఆ మందు ఇవ్వడం జనవరిలో కన్నా చాలా సేఫ్.

ముందు లింఫోమా అనే క్యాన్సర్ ఉందా అని చూశాం, ఈ బీ కణాల గుంపు కొందరిలో అటు తిరుగుతుంది. గడ్డలు లేవు, సీటీలో ఏం లేదు, ఎల్‌డీహెచ్ మామూలుగా ఉంది. ఛాతీ ఎక్స్‌రే, టీబీకి ఇగ్రా, ఐజీజీ లెవల్ చూశాం. అన్నిటికన్నా ముఖ్యం హెపటైటిస్ బీ. సర్ఫేస్ యాంటిజెన్ నెగెటివ్ అని వదిలేస్తే రిటుక్సిమాబ్ తర్వాత బీ తిరగబెట్టి లివర్ ఫెయిలయ్యే ప్రమాదం ఉంటుంది, కోర్ యాంటీబాడీ పాజిటివ్ ఉన్నవాళ్ళకి ముందు నుంచే యాంటీవైరల్ రక్షణ పెట్టాలి. ఎంటెకవిర్ మొదలుపెట్టాం. క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే కిడ్నీ వడపోత వేగం, 35 చుట్టూ ఉంది కాబట్టి 0.5 మి.గ్రా. రోజు విడిచి రోజు, ఖాళీ కడుపుతో. మామూలు టెనోఫోవిర్ ఈ కిడ్నీకి వద్దనుకున్నాం.

డోసు దగ్గర కూడా ఆలోచించాల్సి వచ్చింది. రెండు వారాల తేడాతో గ్రాము చొప్పున రెండుసార్లు ఇవ్వడం పేషెంట్‌కి తేలిక, హైదరాబాద్ రాకపోకలు తగ్గుతాయి, కూలి పోదు. కానీ టైప్ 2 క్రయోలో రిటుక్సిమాబ్ ఆ ఐజీఎంతోనే అతుక్కుని ముద్దలు కట్టి వాపుని ఒక్కసారిగా ఎగదోసిన కేసులు ఉన్నాయి, అది గ్రాము డోసుతో, క్రయోక్రిట్ ఎక్కువున్నవాళ్ళలో ఎక్కువ. అందుకే చదరపు మీటరుకి 375 మి.గ్రా. లెక్కన వారానికోసారి నాలుగు డోసులు. రెడిటక్స్ వాడారు, హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ వాళ్ళు 2007లో తెచ్చిన బయోసిమిలర్. ఒక్కో డోసు ముందు మిథైల్ ప్రెడ్నిసొలోన్ 100 మి.గ్రా. అంతకు మించి స్టెరాయిడ్ పెట్టలేదు. మొదటి డోసుకి కొంచెం చలి, వణుకు, డ్రిప్ నెమ్మది చేస్తే సర్దుకుంది.

సంక్రాంతి నాటికి మూత్రం నిష్పత్తి 0.6, క్రియాటినిన్ 1.0, సీ4 9. ఆ యాసంగిలో మచ్చలు రాలేదు. పాదం పూర్తిగా రాలేదు, మడమకి ప్లాస్టిక్ స్ప్లింట్ వేసుకుంటే చెప్పు ఊడదు, గట్టు మీద నడుస్తుంది. మంటలు సగానికి తగ్గాయి. ఆ నరం ముందే పట్టుకునుంటే ఇంకా వచ్చేది, అది ఏళ్ళ ఆలస్యానికి కట్టిన ధర.

మా దగ్గర ఇప్పుడు మారినవి

కీళ్ళ నొప్పులతో వచ్చి రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్ ఉన్న ప్రతి పేషెంట్‌కి మెథోట్రెక్సేట్ రాసే ముందు యాంటీ సీసీపీ, యాంటీ హెచ్‌సీవీ, సర్ఫేస్ యాంటిజెన్, కోర్ యాంటీబాడీ పంపుతున్నాం. ఫ్లోరోసిస్ ఎక్స్‌రేలో కనిపించినా సరే మూత్రం పరీక్ష, చర్మం చూడకుండా పంపడం లేదు. మోకాళ్ళ కింద మచ్చలని ఎవరన్నా అంటే ఏ సీజన్లో, నీళ్ళలో దిగాకనా అని అడుగుతున్నాం, గాజు స్లైడ్ టేబుల్ మీదే ఉంటుంది. బ్లడ్ బ్యాంకుల్లో ఆ పరీక్ష తప్పనిసరి కాకముందు రక్తం ఎక్కించుకున్నవాళ్ళని నొప్పులున్నా లేకున్నా ఒక్కసారి హెచ్‌సీవీ పరీక్ష చేయించుకోమంటున్నాం, జిల్లాలో గర్భసంచి ఆపరేషన్లు అయిన ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు.

ఆమె విషయంలో పని ఇంకా ఉంది. క్రియాటినిన్ క్లియరెన్స్ 50 దాటాక ఎంటెకవిర్ రోజూ చేశాం, రిటుక్సిమాబ్ చివరి డోసు నుంచి ఏడాదిన్నర దాకా అది ఆగకూడదు, ఆపాక కూడా ఏడాది పాటు ఏఎల్‌టీ, హెచ్‌బీవీ డీఎన్ఏ చూడాలి. ఎవరైనా కొత్త డాక్టర్ చూసి, బీ లేదుగా ఇదెందుకని ఆపేయొచ్చు, అందుకే చీటీ మీద ఎర్ర ఇంకుతో ఎందుకిస్తున్నామో, ఎప్పటిదాకానో రాసి కొడుకు ఫోన్‌లో ఫోటో తీయించాం. మూడు నెలలకోసారి మూత్రం, క్రియాటినిన్, సీ4, ఆరు నెలలకోసారి మెడ, చంకల్లో గడ్డలు, ఫ్లాస్కులో క్రయో. మెడికల్ షాపులో నొప్పి గోలీ అడిగితే పారాసిటమాల్ తప్ప ఇంకేం ఇవ్వొద్దని ఊళ్ళో షాపతనికి కూడా కొడుకే చెప్పొచ్చాడు. నాట్లకి ఈసారి నీళ్ళలో దిగకుండా నారు కట్టలు అందించే పని ఇప్పించమని మేస్త్రీతో మాట్లాడుకున్నారట.